ఆర్కిడ్లు: ఎండ, నీడ, చలి

పాత మామిడితోటలలో తిరుగాడువారికి కొమ్మల పంగలయందు ఒక వింత మొక్క కనిపించుచుండును. దాని ఆకులు పట్టీలవలె సన్ననై, దళసరియై, కాండమునకు రెండు వైపుల వరుసదీరి యుండును. కాండమునుండి పుట్టిన తెల్లని వేళ్ళు కొన్ని కొమ్మను కరచుకొని ప్రాకగా, మఱికొన్ని త్రాళ్ళవలె గాలిలో వ్రేలాడుచుండును. దాని పూలరేకులపై పసుపు గోధుమ వన్నెలతో గళ్ళు అల్లినట్లుండును. ముందునకు చాచిన పెదవివంటి రేకు మాత్రము ఊదారంగుది. పూవునకు చక్కని వాసన కలదు. పల్లెప్రజలు ఈ మొక్కను బదనిక యందురు.

బదనిక యను మాట తెలుగున ఈ యొక్క మొక్కకే కాక, చెట్టుపై మొలచు ఇతర మొక్కలకును చెల్లుచున్నది. సంస్కృతమున ‘వందా’ యను పదమును అట్టిదే. ఆ పదమునే పాశ్చాత్య శాస్త్రజ్ఞులు గ్రహించి, ఈ మొక్కయు దాని తోబుట్టువులును చేరిన జాతికి ‘వాండా’ యని పేరిడిరి. సామర్లకోటలో ఉద్యోగము చేయుచు అచ్చట తోట పెంచిన విలియం రాక్స్‌బరో, కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చి 1795లో వెలువరించిన గ్రంథమున దీనిని బొమ్మతో సహా వర్ణించెను. లోకమున ఇరువదియైదు వేలకు పైగా రకములు గల ఆర్కిడు కుటుంబమునకు చెందిన మొక్క ఇది. మన దేశమందే ఆ కుటుంబపు రకములు 1,200కు మించి యున్నవి. ఆర్కిడ్లనగా నెక్కడనో దూరదేశములలో, ధనికుల అద్దపు మేడలలో పెరుగునవని తలచువారు ఒకసారి తమ ఊరి మామిడికొమ్మను తలయెత్తి చూచుట మంచిది.

బదనిక యను పేరువలన ఈ మొక్కకు కొంత అపకీర్తియు కలిగినది. చెట్టు రసమును పీల్చి బ్రతుకు మొక్కలు కొన్ని కలవు. వానికిని ఇదే పేరు. ఆర్కిడు అట్టిది కాదు. అది చెట్టునుండి కోరునది నిలుచుటకు చోటు మాత్రమే. ఆహారమును తన ఆకుపచ్చని అంగములతో తానే వండుకొనును. నీటిని గాలినుండియు, వానచినుకులనుండియు, పొగమంచునుండియు సంపాదించుకొనును. ఇందులకై దాని వేళ్ళకొక ప్రత్యేకమైన తొడుగు కలదు. మృతకణములతో నేర్పడిన ఆ తెల్లని పొర స్పాంజివలె నీటిని క్షణములో పీల్చి పట్టియుంచును. తడిసిన వేరు పచ్చగా మారుట ఎవరైనను చూడవచ్చును. పొర నీటితో నిండి పారదర్శకము కాగా, లోపలి పత్రహరితము బయటికి కనిపించును. ఇట్టి వేరును బంకమట్టిలో పాతిపెట్టినచో గాలియాడక కుళ్ళిపోవును. కావుననే పెంపకమువారు మట్టిని మాని, బొగ్గు ముక్కలు, ఇటుక పెంకులు, కొబ్బరి డొక్కలు వేసి కుండీలను నింపుదురు. లేదా మొక్కను కొయ్యముక్కకు కట్టి వ్రేలాడదీయుదురు.

ఇక్కడనే అసలు చిక్కు పుట్టుచున్నది. మందార మొక్క వేళ్ళు నేలలో నున్నవి. రోహిణికార్తె యెండ మండినను, పుష్యమాసపు చలి కొరికినను, జానెడు లోతున నున్న వేరునకు ఆ బాధ అంతగా తెలియదు. భూమి దానికి దుప్పటివంటిది. ఆర్కిడునకు ఆ దుప్పటి లేదు. ఆకు, కాండము, వేరు అన్నియు గాలిలోనే యుండును. అందువలన ఆరుబయట పెంచువాడు ఎండనుగూర్చియు చలినిగూర్చియు ఇతర మొక్కల విషయములో కంటె ఎక్కువగా ఆలోచింపవలసియుండును.

ఆలోచించుటలో మొదట పెద్ద పొరపాటు జరిగినది. పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభమున ఉష్ణదేశముల ఆర్కిడ్లు ఓడలమీద ఇంగ్లండునకు చేరజొచ్చెను. ఇవి వేడి దేశపు అడవులనుండి వచ్చినవి, అడవియనగా చీకటి, ఉక్క, తడి అని అచ్చటివారు తీర్మానించుకొనిరి. జాన్ లిండ్లీ యను గొప్ప వృక్షశాస్త్రజ్ఞుడు సైతము 1830 ప్రాంతమున, హెచ్చువేడి, గాఢమైన నీడ, మిక్కిలి తేమ ఆర్కిడ్లకు కావలెనని చెప్పెను. తోటమాలులు అద్దపు గదులను కట్టి, కిటికీలు బిగించి, క్రింద నిప్పు రాజేసి, ఆవిరి నింపిరి. ఎంతో ధనము వెచ్చించి తెచ్చిన మొక్కలు ఆ గదులలో వేలకొలదిగా మడిసెను. నిర్లక్ష్యమువలన కాదు, అతిగా కాపాడుటవలన అవి చచ్చినవి.

ఆ పొరపాటును బయటపెట్టినవారిలో జోసెఫ్ డాల్టన్ హుకర్ ముఖ్యుడు. ఆయన 1850లో థామస్ థామ్సన్ అను మిత్రునితో కూడ ఖాసీ కొండలలో సంచరించెను. నేటి మేఘాలయ రాష్ట్రములోని ఆ కొండలయందు మన బదనికకు ఒక చెల్లెలు కలదు. దానిని నీలి వాండా యందురు. అరచేతి వెడల్పు పూలు, ఆకాశపు రంగు, ఒక్కొక్క కాడకు పదికి మించిన గుత్తి. పూలలో నీలిరంగు అరుదు. ఆర్కిడ్లలో మఱింత అరుదు. ఆ కాలమున ఇంగ్లండులో దాని వెల మిక్కిలి హెచ్చుగా నుండెను, పెంచుట మిక్కిలి కష్టమని ప్రతీతి. హుకర్ దానిని దాని పుట్టినింటిలో చూచెను. 1854లో వెలువడిన తన హిమాలయ యాత్రాగ్రంథమున ఆ చోటును వివరముగా వర్ణించెను.

అది చీకటి అడవి కాదు. సముద్రమట్టమునకు 3,000 మొదలు 4,000 అడుగుల ఎత్తున నున్న గడ్డికొండలు. వానిపై గిడసబారిన సింధూర వృక్షములు. వాని కొమ్మలకు ఆకులు బహు పలుచన. ఆ కొమ్మలపై నీలి వాండా ఎండకు, వానకు, గాలికి పూర్తిగా ఎదురొడ్డి నిలిచియుండెను. వేళ్ళు పాకుడైనను లేని గరుకు బెరడుమీద ప్రాకుచుండెను. వానకాలమున తేమ అధికమే కాని, గాలి స్తంభించిన ఉక్క ఎచ్చటను లేదు. పూచు ఋతువున వేడిమి 16 మొదలు 27 సెంటిగ్రేడు డిగ్రీల నడుమ నుండెను. శీతకాలమున నేలపై తెల్లని మంచు గడ్డకట్టునంత చలి కలుగును. శీతకాలపు చలి, వేసవి వేడి, శరత్తునందలి పొడిమి, అన్నిటికిని మించి ఎడతెగని గాలి, వీనిలో ఏ యొక్కటియు తగులనీయక ఇంగ్లండులో మొక్కలను దాచుచున్నారని హుకర్ ఎత్తిచూపెను.

ఆయన మాట సత్యమే కాని, ఆయన చేసిన పని మాత్రము నేటివారికి బాధ కలిగించును. క్యూ రాజోద్యానమునకై ఏడుగురు కూలీలు మోయు బరువంత నీలి వాండాను ఆ కొండలనుండి పెరికించి పంపెను. వానిలో ప్రాణముతో చేరినవి కొలదిమాత్రమే. మఱియొకరు పంపిన ఒక్క కూలి మోత, చిక్కి శల్యమై చేరియు, 300 పౌనులకు అమ్ముడుపోయెను. మొక్క యొక్కంటికి మూడు మొదలు పది పౌనులు పలికినది. ఇట్టి వెల పలుకు మొక్క కొండలపై ఎంతకాలము మిగులును? తరువాత నూఱేండ్ల పాటు వ్యాపారులు దానిని తవ్వుకొనిపోయిరి, దాని నివాసమైన చెట్లును నరుకుడుపడెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణ కల్పించిన కొలది మొక్కలలో నీలి వాండా యొకటి. అడవినుండి దానిని పెరికి తెచ్చుట నేరము. నేడు తోటలలో పెరుగు నీలి వాండాలు విత్తనమునుండియో, ప్రయోగశాలలలో కణజాలవర్ధనమువలననో పుట్టించినవై యుండవలెను.

మొక్క పుట్టినచోటు తెలిసినచో దానికి నీడ యెంత కావలెనో కొంతవఱకు తెలియును. నడి వేసవిలో మిట్టమధ్యాహ్నపు ఎండ ఇంచుమించు లక్ష లక్స్ వెలుతురు నిచ్చును. లక్స్ అనునది వెలుతురును కొలుచు కొలమానము. ఇందులో సగమునకు దగ్గరగా వాండా జాతి ఓర్చుకొనగలదు. అంతకు మిగుల తగ్గినచో ఆకులు పెంచును గాని పూయదు. డెండ్రోబియము, కాట్లియా మొదలగువానికి ఇరువది ముప్పది వేలు చాలును. సీతాకోకచిలుకలవంటి పూలు పూయు ఫాలినాప్సిస్‌నకు పదివేలు, పదునైదువేలు మించినచో ఆకు మాడును. చెప్పువంటి పూవుగల పాఫియోపెడిలము అడవినేల మీద, ఆకుల కుప్పలనడుమ పెరుగునది. దానికి వెలుతురు ఇంకను తక్కువ. ఒకే పందిరి క్రింద ఈ నాలుగింటిని చేర్చి, అన్నిటికిని ఒకే నీడ నిచ్చువానికి రెండైనను నష్టమగుట తప్పదు.

కొలుచుటకు పరికరము లేనివారికి ఆకే పరికరము. ఆకు నవనవలాడుచు ముదురు పచ్చగా నున్నచో చూపరులు మెచ్చుకొందురు. కాని అది మొక్కకు ఎండ చాలలేదని చెప్పు గుర్తు. లేతపచ్చగా, అందు కొంచెము పసుపు కలిసినట్లున్నచో వెలుతురు సరిపోయినది. పసుపు ముదిరి అంచున ఎరుపు తోచినయెడల ఎండ హెచ్చినది. ఇంకను హెచ్చినచో ఆకు నడిమిభాగమున తెల్లని మచ్చ పడి, అది ఎండి నల్లనగును. ఆ మచ్చ మరల పచ్చబడదు. మచ్చ పడుటకు ముందే తెలిసికొను ఉపాయ మొకటి కలదు. మధ్యాహ్నమున ఆకును చేతితో తాకవలెను. చుట్టునున్న గాలికంటె ఆకు వేడిగా నున్నచో, నీడనో గాలినో వెంటనే పెంచవలెను. గాలి వీచినప్పుడు అదే యెండలో ఆకు చల్లబడును. ఖాసీ కొండలమీద నీలి వాండా అంతటి యెండను ఓర్చుకొనుటకు గాలియే కారణము. గోడల నడుమ నిలిచిన గాలిలో సగము ఎండకే అది మాడును.

నీడ కల్పించుటకు వెనుకటి తోటమాలులు వెదురుబద్దల పందిరి వేయుచుండిరి. బద్దలను ఉత్తరదక్షిణములుగా పరచి, బద్దకు బద్దకు నడుమ బద్దంత సందు విడుతురు. సూర్యుడు తూర్పునుండి పడమరకు జరుగుకొలది బద్దల నీడలును మొక్కలమీద జరుగుచుండును. ఏ యాకుమీదను ఎండ ఎక్కువసేపు నిలువదు, ఏ యాకునకును ఎండ లేకపోదు. అదే బద్దలను తూర్పుపడమరలుగా పరచినచో కొన్ని చోట్ల ఎండచార దినమంతయు దాదాపు ఒకే స్థలమున నిలిచి ఆకును కాల్చును. ఇంత చిన్న విషయములో ఇంత భేదమున్నది. నేడు బద్దలకు బదులు షేడ్‌నెట్ అను నీడవలలను కట్టుచున్నారు. సగము ఎండను ఆపునవి, ముప్పాతిక ఆపునవి అని అవి వేర్వేరు నేతలలో దొరకును. వల మొక్కలకు ఎనిమిది పదడుగుల ఎత్తున నుండవలెను. తలకు తగులునట్లు క్రిందుగా కట్టినచో వేడిగాలి లోపలనే నిలుచును.

చెట్టునీడ అన్నిటికంటె సహజమైనది. అయితే చెట్టన్నంతమాత్రమున చాలదు. దట్టమైన మఱ్ఱి క్రింద ఆర్కిడు పూయదు. పైకి నిట్టనిలువుగా పెరిగి పలుచని నీడ నిచ్చు చెట్లు మేలు. అరకు లోయలో కాఫీతోటలకు నీడకై సిల్వర్ ఓక్ చెట్లను పెంచుట ఈ న్యాయముననే. శీతకాలమున ఆకు రాల్చు చెట్లు మఱియొక ఉపకారము చేయును. ఎండ మెత్తబడిన ఆ దినములలో ఆకులు రాలి వెలుతురును క్రిందికి విడుచును. మనుష్యుడు వలను విప్పి కట్టి చేయు పనిని చెట్టు తనంతట తానే చేయుచున్నది.

నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా ఎండకు తేరాదు. మొదటి వారము ఉదయపు ఎండ గంటసేపు, తరువాత రెండు గంటలు, అట్లు నెలదినములకు అలవాటు చేయవలెను. వర్షాకాలమున మబ్బులకు అలవాటుపడిన మొక్కలు, మబ్బు విడిన మొదటి ఆశ్వయుజపు ఎండకే మాడుట తఱచు జరుగును.

ఇక చలి. పగటి యెండకును రాత్రి చలికిని సంబంధము లేదనిపించును గాని, ఒకే కప్పు రెండింటిని ఆపగలదు. పగలు నేల వేడెక్కును. రాత్రి ఆ వేడిని ఆకాశమునకు విడిచిపెట్టును. మబ్బు పట్టినయెడల ఆ వేడిలో కొంత తిరిగివచ్చును. మబ్బు లేక, గాలి లేక, నక్షత్రములు తళతళలాడు రాత్రి ఆ వేడి అడ్డులేక పైకి పోవును. అట్టి రాత్రి తెల్లవాఱుజామున ఆరుబయటనున్న ఆకు, చుట్టునున్న గాలికంటెను చల్లనగును. చెట్టుకొమ్మ గాని, పందిరి గాని పైన నున్నచో అది మబ్బు చేయు పనిని కొంత చేయును. అందుచేతనే మంచు పడిన ఉదయమున గడ్డి తెల్లనై కనిపించగా, చెట్టుక్రింది గడ్డి పచ్చగానే యుండును.

చల్లని గాలి బరువైనది. అది నీటివలె పల్లమునకు జాఱి, లోయ అడుగున నిలుచును. చింతపల్లి దాపున నున్న లంబసింగిలో కొన్ని శీతకాలపు రాత్రులందు వేడిమి సున్న డిగ్రీల దరిదాపులకు దిగుట పలువు రెఱిగినదే. సముద్రతీరమునుండి అది ఎంతో దూరము కాదు. కొండల నడుమ ఎత్తున నుండుటయే దానికి కారణము. కొండవాలున నడిమి ఎత్తున నున్న తోట బ్రతికిన రాత్రియే, లోయలోని తోట మాడవచ్చును. తోటకు దిగువవైపున గోడగాని దట్టమైన కంచెగాని యున్నచో, జాఱివచ్చిన చలిగాలి అచ్చటనే మడుగుకట్టును. ఆ కంచెలో సందు విడుచుట మేలు.

సున్న డిగ్రీలకు దిగినచో ఆకులోని నీరు గడ్డకట్టి కణములను చీల్చును. కరిగిన తరువాత ఆకు ఉడికినదానివలె మెత్తబడి నల్లనగును. కాని వేడిదేశపు ఆర్కిడ్లకు సున్న దాక పోనక్కరలేదు. ఫాలినాప్సిస్ 15 డిగ్రీలకు దిగువ రాత్రులను సహింపదు. పది లోపల నాలుగు రాత్రులు గడచినచో ఆకులపై గుంటలు పడును, వేళ్ళు చెడును. కాట్లియాకు 12 డిగ్రీలవఱకు భయము లేదు. సిక్కిము కొండల సింబిడియము అయిదు డిగ్రీల రాత్రిని సులభముగా గడుపును. కావున చలి యనునది అన్నిటికిని ఒకటి కాదు.

చలి రాత్రులలో మొక్కను కాపాడుటకు మొదటి సాధనము పొడిమియే. శీతకాలమున పెరుగుదల ఆగిన మొక్కకు నీరు తగ్గించవలెను. పోసిన నీరును ఉదయముననే పోసి, సూర్యాస్తమయమునకు ఆకుల మొదళ్ళు ఆఱునట్లు చూడవలెను. చిగురు నడుమ నిలిచిన సాయంకాలపు నీరు చలికంటె ఎక్కువ మొక్కలను చంపుచున్నది. చచ్చిన పిదప నేరమును చలిమీద మోపుదురు. శరత్తు కడపట యూరియావంటి ఎరువులు వేయుటయు మానవలెను. వానివలన పుట్టు లేత చిగురులే చలికి మొదట బలియగును.

తరువాత చోటు. దక్షిణపు ఎండ తగులు ఇటుకగోడ దినమంతయు వేడిని దాచుకొని రాత్రి మెల్లగా విడుచును. వ్రేలాడు కుండీలను ఆ గోడ ప్రక్కకు చేర్చినచో రెండు మూడు డిగ్రీల మేలు కలుగును. అంతకును మించిన చలి రానున్నచో సాయంకాలము గోనెపట్టాగాని పలుచని గుడ్డగాని పందిరిమీద కప్పవలెను. గుడ్డ ఆకులకు తగులరాదు. తగిలినచోటనే ఆకు చెడును. ప్లాస్టికు కప్పువారు దానిని తెల్లవాఱిన తరువాత తీయుట మఱవరాదు. బిగించిన ప్లాస్టికు క్రింద ఉదయము పదిగంటలకే ఉక్క పుట్టును. ఇంగ్లండువారి ఆవిరిగదియే మరల తయారగును. మంచు తగిలిన మొక్కను వెంటనే ఎండకు చూపరాదు. నీడలో మెల్లగా తేరనీయవలెను.

ఇంత చెప్పిన పిదప మఱియొక మాట చెప్పక తప్పదు. చలిని పూర్తిగా తప్పించినచో పూలును తప్పిపోవును. సిక్కిము రాష్ట్రపుష్పమైన డెండ్రోబియము నోబిలీ శరత్తు నాటికి ఆకులు రాల్చసాగి, నీరు లేక, చల్లని రాత్రులలో ఎండుకట్టెవలె నిలుచును. తెలియనివాడు జాలిపడి దానిని లోనికి తెచ్చి నీరు పోయును. మొక్క చావదు. కాని పూమొగ్గలు రావలసిన కణుపులయందు చిన్న చిన్న పిలకలు పుట్టును. ఆ యేడు పూలు లేవు. సింబిడియమునకు పూకాడ పుట్టుటకు పగటికి రాత్రికి నడుమ తగినంత భేదముండవలెను. కాలింపాంగ్ కొండలలో అది సులభముగా పూయుచుండగా, మైదానములలో ఏండ్లతరబడి ఆకులతోనే యుండును. చలికి అంతగా భయపడు ఫాలినాప్సిస్ సైతము, వేడిమి 25 డిగ్రీలకు దిగువకు కొన్ని వారములు తగ్గినప్పుడే పూకాడ నెత్తును. కాపాడుటయనగా చలిని తరిమివేయుట కాదు, ఆ మొక్క ఓర్చుకొనగల చలిని దానికి విడిచి, ఓర్వలేనిదానిని మాత్రమే ఆపుట.

నీలి వాండాను గోదావరితీరమునకు తెచ్చి పెంచజూచినవారికి ఈ విషయము బాగుగా తెలియును. ఎంత నీడవల కట్టినను వైశాఖపు రాత్రులను చల్లబరచుట ఎవరి తరము? అది బ్రతికినను నీరసించుచుండును. మన బదనిక అదే వైశాఖమున మామిడికొమ్మమీద వేళ్ళు వ్రేలాడవేసికొని నిలుచును. ఒకే జాతిలోని అక్కచెల్లెండ్రు. ఒకరి యిల్లు మఱియొకరికి ఒప్పదు.

మాఘమాసము గడచి రాత్రుల చలి విఱిగిన పిదప వేళ్ళ కొనలను గమనింపవలెను. శీతకాలమంతయు తెల్లని పొర కొనవఱకు మూసికొనియుండును. ఒక ఉదయమున ఆ కొనలయందు గోరంత పచ్చని మొన బయటపడును. మొక్క మేలుకొన్నదని అర్థము. ఆనాటినుండి గుడ్డలు మడచిపెట్టి, నీరు కొంచెము కొంచెముగా పెంచి, వేసవి ఎండ ముదురకముందే పందిరిమీది బద్దలను సరిచూచుకొనవలెను.